వేరే అమ్మ

ఇరవై రెండు రింగుల్లో తొమ్మిదోది ఎప్పుడూ ఇరుక్కుంటుంది. అలవాటైన చెయ్యి కాబట్టి తెర అక్కడిదాకా రాగానే ఆయన ఒక్క క్షణం ఆగి, గుడ్డను పైకి చిన్నగా కుదిపి, మళ్ళీ లాగాడు. ముదురు నీలం తెర గోడ పొడవునా జరిగి, వెనకున్న అలమరను పూర్తిగా కప్పేసింది. ఇక ఆ గదిలో కనిపించేవి నాలుగు తెల్లగోడలు, బూడిదరంగు తివాచీ, ఐదు కుర్చీలు, ఒక కిటికీ. అంతే. టైము ఏడున్నర. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్ళేముందు ప్రార్థన చేసుకునే డాక్టర్లు ఇద్దరు వచ్చే వేళ. వాళ్ళు తెర వేసేవాళ్ళు.

మనుషుల్ని ఆయన అలాగే గుర్తుపెట్టుకుంటాడు. తెర వేసేవాళ్ళు, తెర తీసేవాళ్ళు, తెర సంగతే పట్టనివాళ్ళు. మూడోరకం వాళ్ళు వచ్చి కుర్చీలో కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని, కాసేపటికి లేచి వెళ్ళిపోతారు. వాళ్ళతో ఆయనకు పని ఉండదు. నీళ్ళగ్లాసు అందిస్తాడు, అంతే.

ఆసుపత్రి మొత్తానికీ, అన్ని మతాలకీ కలిపి ఉన్న ప్రార్థన గది అది ఒక్కటే. మూడో అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక నడవా చివర ఉంటుంది. ఒకప్పుడు పాత ఫైళ్ళు పడేసేవాళ్ళు అందులో. ఇప్పుడు అలమరలో మూడు అరల నిండా దేవుళ్ళు. ఎవరూ కొన్నవి కావు. జబ్బు నయమై ఇంటికి వెళ్ళినవాళ్ళు సంతోషంగా ఇచ్చినవి కొన్ని. నయం కానివాళ్ళ మంచం పక్కనుంచి ఇంటికి తీసుకెళ్ళడానికి చేతులు రాక వదిలేసినవి కొన్ని. వాటి ముందు దీపం వెలిగించకూడదు, ఆక్సిజన్ గొట్టాలున్నాయి కాబట్టి. బదులుగా బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తి ఒకటి ఉంది. స్విచ్చు నొక్కితే వెలుగుతుంది, గట్టిగా తుమ్మితే ఆరిపోతుంది. ఇంకో నిబంధన ఏమిటంటే, బొమ్మలు గది దాటకూడదు.

ఆసుపత్రిలో ఆయన్ని తెర బాబాయ్ అంటారు. కొత్తగా చేరిన నర్సు ఒకామె తెర అనేది ఆయన ఇంటిపేరనుకుని రిజిస్టర్లో అలాగే రాసేసింది. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఎడమ మోకాలు పాడైపోయింది. ఇక్కడికి రాకముందు ముప్ఫై రెండేళ్ళు ఆసుపత్రి కింది అంతస్తు బట్టల గదిలో పనిచేశాడు. దుప్పట్లు నానబెట్టే మందునీళ్ళకు వేళ్ళ చివర్లు పగిలి, ఆ పగుళ్ళు మళ్ళీ పూడకుండా అలాగే ఉండిపోయాయి. ఏ గుడ్డ కనిపించినా కొసకు కొస కలిపి చూస్తాడు. తెర రెండు అంచులూ నేలకు ఒక్క ఎత్తులో ఉన్నాయో లేదో రోజూ వంగి చూసుకుంటాడు.

ఆయన కూడా తెర వేసేవాళ్ళలో మనిషే. వాళ్ళ నాన్న ప్రార్థన ఇంట్లో గ్రంథం చదివే ఆయన. "మనం చేసినదాని ముందు మనమే వంగడమేమిట్రా," అనేవాడు నాన్న. దేవుడికి రూపం లేదనడం ఆ ఇంట్లో నీళ్ళు పల్లానికి పారతాయన్నంత మామూలు సంగతి. ఈ గదిలో చేరాక ప్రార్థన ఇంటి పెద్దలు ఒకసారి పిలిచి అడిగారు, వాటి మధ్య ఎలా కూర్చుంటున్నావని. "కూర్చోడానికి కుర్చీ వేరే ఉంది, గుమ్మం బయట," అన్నాడు. వాళ్ళకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

డాక్టర్లు వచ్చి వెళ్ళాక ఎనిమిదిన్నరకు గంట వచ్చింది. గంట అంటే ఊడ్చే ఆవిడ. నోరు మూతపడదని ఆ పేరు పెట్టారు. ఆవిడకూ ఆ పేరు ఇష్టమే. బాబాయ్ తెర తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు. బొమ్మల్ని తుడిచేది ఆవిడే.

"కాస్త జరుగు తల్లీ, నీ కింద చూడు ఎంత దుమ్ముందో. అయ్యా, నువ్వు కళ్ళు మూసుకునే ఉండు, నీ జోలికి నేను రానులే," అని ఒక్కొక్కరితో మాట్లాడుతూ తుడుస్తోంది. "బాబాయ్, ఇటు తిరిగితే ఏం పోతుంది? కరవవు."

"నీ పని కానీ."

"నాలుగేళ్ళుగా కాపలా కాస్తున్నారు. ఒక్కరి మొహమైనా సరిగ్గా చూశారా మీరు?"

"నా పని తెర లాగడం."

నిజానికి ఆయన చూసింది తక్కువేమీ కాదు. బొమ్మల్ని కాదు, మనుషుల్ని. కొడుకు పోయిన రోజున ఒక తల్లి వచ్చి, పై అరలోని బొమ్మను గోడవైపు తిప్పేసి వెళ్ళిపోయింది. దాన్ని ఏం చేయాలో ఆయనకు తోచలేదు. రెండు రోజులయ్యాక గంట వచ్చి, "అలిగింది చాల్లే," అంటూ ఇటు తిప్పింది. ఇంకోసారి తెర వేసేవాళ్ళలో ఒక ముసలాయన, గోడమీద చెమ్మ మరక మనిషి మొహంలా ఉందనీ, ప్రార్థన సాగడం లేదనీ వాపోయాడు. బాబాయ్ ఆ మధ్యాహ్నమే సున్నం డబ్బా తెచ్చి, మోకాలు సహకరించకపోయినా కుర్చీ ఎక్కి, ఆ మరకమీద తనే సున్నం కొట్టేశాడు. ముసలాయన బాధ ఆయనకు బాగా అర్థమైంది. ఆ తల్లి కోపమే అర్థం కాలేదు. అంత కోపం రావాలంటే ఎంత దగ్గరగా మెలిగి ఉండాలి?

పదకొండు దాటాక చారల చొక్కా వేసుకున్న నడివయసు మనిషి ఒకాయన గబగబా వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర చెరోవైపు విడిచాడు.

"తెర వేస్తారా? మా తమ్ముణ్ణి ఇప్పుడే ఆపరేషనుకు తీసుకెళ్ళారు."

బాబాయ్ తెర వేసి, తలుపు దగ్గరికి లాగి, బయట తన కుర్చీలో కూర్చున్నాడు. ముందు వచ్చినవాళ్ళు బయటికి వచ్చేదాకా గది వాళ్ళదే. అది రాసిపెట్టిన నిబంధన కాదు, ఆయన పెట్టుకున్నది. మధ్యలో తలుపు కొట్టడు, కొట్టనివ్వడు.

పావుగంట గడిచిందో లేదో, నడవాలో చక్రాల కుర్చీ చప్పుడైంది. అయిదో అంతస్తు గుండె వార్డు నుంచి ఒక పెద్దావిడను ఆమె కూతురు తోసుకుంటూ వచ్చింది. పెద్దావిడ పిట్టంత మనిషి. ముక్కుకు గొట్టం, కుర్చీ వెనక చిన్న సిలిండరు. జుట్టు చెదిరి మొహం చుట్టూ దూదిలా లేచి ఉంది.

"అమ్మను చూస్తానంటోందండీ, ఈ గదిలో ఉందని విని పొద్దుటినుంచి ఒకటే గొడవ," అంది కూతురు. "అరగంటకు మించి కిందికి తీసుకురావద్దన్నారు."

"లోపల ఒకాయన ఉన్నారమ్మా. కాసేపు కూర్చోండి."

పెద్దావిడ తల ఎత్తి చూసింది. "ఎంతమంది ఉన్నారు నాయనా లోపల?"

"ఒక్కరే."

"మా అమ్మ కూడా లోపలే ఉందిగా. ఒక్కరెలా అవుతారు?"

బాబాయ్ గోడవారన ఉన్న బల్ల చూపించాడు. కూతురు బల్లమీద కూర్చుని గడియారం చూసుకుంటోంది. పెద్దావిడ తలుపు వైపే చూస్తోంది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. లోపలినుంచి చప్పుడు లేదు. బాబాయ్ ఒకసారి లేచి తలుపు పిడిమీద చెయ్యి వేశాడు. తమ్ముణ్ణి ఇప్పుడే తీసుకెళ్ళారన్న ఆ మనిషి గొంతు గుర్తొచ్చింది. చెయ్యి తీసేసి మళ్ళీ కూర్చున్నాడు.

"పడుకుందేమో, లేపకు నాయనా," అంది పెద్దావిడ. తలుపు వెనక ఉన్న ఆయన సంగతి ఆవిడ ఎప్పుడో మరిచిపోయింది.

ఇరవై అయిదు నిమిషాలయ్యాక వార్డునుంచి ఫోను వచ్చింది. కూతురు లేచి కుర్చీ తిప్పింది. "మళ్ళీ మధ్యాహ్నం వద్దామే అమ్మా."

"మధ్యాహ్నం ఖాళీ చూసి నేనే కబురు చేస్తాను," అన్నాడు బాబాయ్. లిఫ్టు తలుపు మూసుకునేదాకా పెద్దావిడ మెడ ఇటే తిరిగి ఉంది.

వాళ్ళు వెళ్ళిన ఏడెనిమిది నిమిషాలకు చారల చొక్కా ఆయన బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నా మొహం తేటపడింది. చెప్పులు వేసుకుంటూ, బల్ల పక్కన వాళ్ళు మరిచిపోయిన శాలువా చూసి, "ఎవరైనా వచ్చారా?" అని అడిగాడు. బాబాయ్ చెప్పాడు.

ఆయన అలాగే ఆగిపోయాడు. "అయ్యో, చెప్పాల్సింది కదండీ."

"మీరు ప్రార్థనలో ఉన్నారు. తెర తీస్తే మీకు..."

"నాకేమవుతుంది? నేను కళ్ళు మూసుకునే ఉన్నాను కదా." ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఆవిడ తన దేవుణ్ణి చూసుకునేది, నా మానాన నేనుండేవాణ్ణి. ఒక్కమాట అడిగి ఉంటే అయిపోయేది."

ఆ మాట అనేసి ఆయన తమ్ముడికోసం పరుగెత్తాడు. బాబాయ్ శాలువా తీసి, కొసకు కొస కలిపి మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం డబ్బా తెరవబుద్ధి కాలేదు.

ఒక్కమాట అడిగి ఉంటే.

ఆయన భార్య పెళ్ళికి ముందు అదే బట్టల గదిలో చిరిగిన దుప్పట్లు కుట్టేది. కుట్టిన దుప్పటికి అటు కొసలు ఆమె, ఇటు కొసలు ఆయన పట్టుకుని మడతపెట్టేవాళ్ళు. మడత మడతకూ ఇద్దరూ ఒకరికొకరు దగ్గరికి నడిచి రావాలి. వాళ్ళ ప్రేమంతా ఆ నాలుగడుగుల్లోనే నడిచింది. ఆమె తెర తీసేవాళ్ళ ఇంటి పిల్ల. ఆయన నాన్న మొదట ఒప్పుకోలేదు, తరవాత ఒప్పుకున్నాడు. పెళ్ళయిన వారంలో ఆమె పెట్టె అడుగునుంచి ఎర్రగుడ్డలో చుట్టిన పిడికెడు వస్తువు తీసింది.

"మా అమ్మ ఇచ్చిందండీ. కిటికీ మూల పెట్టుకోనా?"

ఆయన ఆ గుడ్డ విప్పనివ్వలేదు. "మన ఇంట్లో బొమ్మలొద్దు," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆమె పేచీ పెట్టలేదు. మర్నాడు వాళ్ళ అక్క ఇంట్లో ఇచ్చేసి వచ్చింది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు ఆ మాట వాళ్ళ మధ్య మళ్ళీ రాలేదు. పిల్లలు కలగనప్పుడు కూడా రాలేదు. ఆమె ఆయనతో పాటు ప్రార్థన ఇంటికి వచ్చేది, తల వంచమన్నప్పుడు వంచేది. కానీ ఇంట్లో మిషను ముందు కూర్చుని మొదటి కుట్టు వేసేముందు, ఒకసారి తలెత్తి కిటికీ మూలకు చూసేది. అక్కడ ఏమీ లేదు. ఖాళీ గోడ, కాస్త వెలుతురు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అది తన మంచితనమని కూడా అనుకున్నాడు.

చివరికి ఈ ఆసుపత్రిలోనే ఆమె మంచం పట్టింది. ఒకరోజు సాయంత్రం, "కింద ప్రార్థన గది ఉందటగా, ఒకసారి తీసుకెళ్తారా?" అంది. తీసుకెళ్ళాడు. అప్పట్లో గదికి మనిషి లేడు. చివర వచ్చి వెళ్ళినవాళ్ళు ఎలా వదిలితే అలా ఉండేది. ఆ రోజు తెర వేసి ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. ఆయన కుర్చీని తెర ముందు ఆపి, పక్కన నిలబడి, తనకు కంఠతా వచ్చిన ప్రార్థన మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఆమె వింది. చదవడం అయ్యాక చెయ్యి చాచి తెర అంచు పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. తెర వెనక ఏముందో ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు.

"గుడ్డ బాగుందండీ," అంది. "మంచి నేత."

ఆయన, "అవును," అన్నాడు. కుర్చీ వెనక్కి తిప్పాడు. ఆమె పోయింది ఆ తరవాత నాలుగో రోజున.

నెల తిరక్కుండా ఈ గదికి మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. మోకాలు నొప్పి వల్ల అడుగుతున్నాడని అందరూ అనుకున్నారు. ఆయన కూడా కాగితంమీద అదే రాశాడు.

రెండు కావస్తుండగా ఆయన అయిదో అంతస్తుకు ఫోను చేశాడు. "గది ఖాళీగా ఉంది సిస్టర్, ఆ పెద్దమ్మగారిని తీసుకురమ్మని చెప్పండి."

"ఇంకెక్కడ బాబాయ్? వెళ్ళొచ్చినప్పటినుంచి ఆయాసం పెరిగింది. మంచం దిగనివ్వద్దన్నారు డాక్టరుగారు."

 ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళి తెర తీశాడు. అమ్మను చూస్తానంటోంది అని కదా కూతురు అన్నది. కింది అరలో ఒళ్ళో బిడ్డతో కూర్చున్న తల్లి బొమ్మ ఉంది. నాలుగేళ్ళలో ఓరగా చూసినంతలో ఆయనకు తల్లి అని తెలిసిన బొమ్మ అదొక్కటే. చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, ప్యాంటుకు తుడుచుకుని, రెండు చేతులతో ఎత్తాడు. పుట్టి బుద్ధెరిగి అలాంటిదాన్ని ముట్టుకోవడం అదే మొదలు. బరువుగా ఉంటుందనుకున్నాడు. లోపల డొల్ల. ఇంత తేలికా అనిపించింది. నడవాలో బట్టల బండిమీదినుంచి ఉతికిన దిండు గలేబు ఒకటి తీసి, అందులో పెట్టి, శాలువా పైన కప్పి లిఫ్టు ఎక్కాడు. నిబంధన సంగతి గుర్తుంది. సూపర్‌వైజరు ఎదురైతే చెప్పడానికి అబద్ధమేదీ తట్టలేదు. అదృష్టం బాగుండి ఆయన ఎదురు కాలేదు.

వార్డులో కిటికీ పక్క మంచం. పెద్దావిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఛాతీ ఎగసిపడుతోంది.

"అమ్మను తీసుకొచ్చానమ్మా," అన్నాడు బాబాయ్, గలేబు తొలగిస్తూ.

పెద్దావిడ బొమ్మను చూసింది. కాసేపు చూసింది. తరవాత పళ్ళులేని నోటితో నవ్వేసింది. "ఈవిడ వేరే అమ్మ నాయనా."

కూతురు మొహం మాడ్చుకుంది. "అమ్మా! పాపం అంత దూరం మోసుకొచ్చారు."

"మోసుకొస్తే మాత్రం? పక్కింటావిడను తీసుకొచ్చి మీ అమ్మే అంటే ఊరుకుంటావా?" ఆవిడ ఊపిరికోసం ఆగింది. "అయినా వచ్చింది కదా, ఉండనీ. బిడ్డ బాగున్నాడు." వేలి కొసతో ఆ పసివాడి పాదం ముట్టుకుంది. "మా అమ్మ ఒళ్ళో ఎవరూ ఉండరు. నిలబడి ఉంటుంది. కుడిచెయ్యి ఇలా." చెయ్యి ఎత్తి చూపించబోయి సగంలో దించేసింది.

"నాకు తెలియలేదమ్మా."

"మీ ఇంట్లో ఏ అమ్మ?"

"మా ఇంట్లో బొమ్మలుండవు. మేం రూపం లేదనుకుంటాం."

"మరి ఎవరితో చెప్పుకుంటావు?"

"దేవుడితోనే."

"మొహం చూడకుండానే?"

"చూడకుండానే."

పెద్దావిడ ఆ మాట గురించి నిజంగానే ఆలోచించింది. "ఫోన్లో మాట్లాడినట్టు," అంది చివరికి.

"అవునమ్మా. ఒక్కోసారి లైను దొరకదు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకు దగ్గు తెర పట్టుకుంది. కూతురు వీపు నిమిరింది. బాబాయ్ కూడా నవ్వాడు. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. "ఉండండి, మీ అమ్మను తీసుకొస్తాను. పది నిమిషాలు," అని బయలుదేరాడు. బిడ్డతల్లి బొమ్మను ఆవిడ చేతి కిందే వదిలేశాడు.

లిఫ్టులోకి స్ట్రెచరు ఎక్కిస్తున్నారు. ఆగలేక మెట్ల మీదుగా దిగాడు. రెండంతస్తులు. మెట్టు మెట్టుకూ మోకాలు కలుక్కుమంది.

అలమర ముందుకు వచ్చి, మొదటిసారి, మొహాలు చూశాడు. చూడక తప్పదు కదా. మధ్య అరలో నిలబడి ఉన్న అమ్మలు ఒకరు కాదు, ఆరుగురు. ఒకామె కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఒకామె పెదవి చివర నవ్వు. ఒకామెకు రంగు రాలి సగం మొహం సున్నంలా తేలింది. ఇద్దరు కుడిచెయ్యి ఎత్తి ఉన్నారు. ఆ ఇద్దరిలో ఒకామె చేతిలో పువ్వు ఉంది. రెండోది ఖాళీ చెయ్యి, అరచెయ్యి ఇటు తిప్పి. పెద్దావిడ పువ్వు సంగతి చెప్పలేదు. అయితే ఈవిడే అయ్యుండాలి. తీసుకోబోయి ఆగిపోయాడు.

వీళ్ళలో తన భార్య మొక్కుకున్న అమ్మ ఎవరు?

ఆ ఎర్రగుడ్డలో ఏముంది? పిడికెడంత ఉందని తెలుసు. నిలబడి ఉందా, కూర్చుని ఉందా, నవ్వుతోందా, చేతిలో ఏముంది, ఏమీ తెలియదు. విప్పనివ్వలేదు కదా. ముప్ఫై ఏళ్ళు కిటికీ మూల చూసినప్పుడల్లా ఆమె ఏ మొహం చూసేది? వాళ్ళ అక్కనైనా అడుగుదామంటే ఆవిడ పోయి ఏడాదయింది. ఆ రోజు తెర తీసి ఉంటే, ఆమె కళ్ళు ఎవరిమీద ఆగేవో చూసి తెలుసుకునేవాడు. వేరే ఏమీ చేయనక్కర్లేదు. మొక్కనక్కర్లేదు, నమ్మనక్కర్లేదు. తెర తీసి పక్కన నిలబడితే చాలు. ఆయన ఒక్కొక్క మొహం ముందూ ఆగి, నువ్వేనా, నువ్వేనా అన్నట్టు చూశాడు. ఎవరూ చెప్పలేదు. ఆయన నమ్మిక ప్రకారం వాళ్ళు చెప్పరు కూడా. అయినా చివరామె దాకా చూశాడు.

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. నడవాలో ఏదో బండి చప్పుడైతే ఉలిక్కిపడి, ఖాళీ చెయ్యి ఎత్తిన అమ్మను గుండెకు ఆనించుకుని బయటికి నడిచాడు. చుట్టడానికి గుడ్డ లేదు. అలాగే, అందరూ చూస్తుండగానే తీసుకెళ్ళాడు. లిఫ్టులో ఒకామె ఆ బొమ్మను చూసి కళ్ళు మూసుకుంది. ఇంకొకాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వార్డులో కిటికీ పక్క మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగి ఉంది. సిస్టరు ఎదురొచ్చింది.

"ఇప్పుడే బాబాయ్. నిద్రలో పోయినట్టే పోయింది. అయిదు నిమిషాలు కూడా కాలేదు."

అయిదు నిమిషాలు. ఆయన అలమర ముందు నిలబడ్డది అంతకంటే ఎక్కువే.

తెర బయట నిలబడిపోయాడు. లోపల కూతురి వెక్కిళ్ళు వినిపిస్తున్నాయి. లోపల ఉన్నవాళ్ళు బయటికి వచ్చేదాకా ఆగడం ఆయనకు బాగా అలవాటైన పని. చేతిలోని బొమ్మ చెమటకు జారుతోంది. "ఒక్కమాట అడిగి ఉంటే," అన్న చారల చొక్కా ఆయన గొంతు మళ్ళీ చెవిలో పడ్డట్టయింది.

"అమ్మాయీ," అన్నాడు. "నేనమ్మా, కింది గదినుంచి. రావచ్చా?"

వెక్కిళ్ళు ఆగాయి. "తెచ్చారా?"

ఆయన తెర అంచు పట్టుకుని పక్కకు లాగాడు. పెద్దావిడ మొహం కిటికీ వైపు తిరిగి ఉంది. ముక్కు దగ్గర గొట్టం తీసేశారు. చెయ్యి ఇంకా ఆ వేరే అమ్మ ఒళ్ళోని బిడ్డమీదే ఉంది. కూతురు లేచి బొమ్మను అందుకుంది. కొంగుతో తుడిచి, తల్లి దిండు పక్కన, మొహానికి ఎదురుగా నిలబెట్టింది.

"ఈవిడే," అంది. "మా అమ్మ ఈవిడే."

బాబాయ్ చేతులు జోడించలేదు. ఎలా జోడించాలో కూడా ఆయనకు రాదు. కళ్ళు మూసుకుని, తన దేవుడితో తనకు వచ్చిన మాటలు చెప్పుకున్నాడు. మధ్యలో మాట తప్పింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి అందులో ఇద్దరు ఆడవాళ్ళకోసం అడిగాడు.

"మీరు వెళ్ళగానే తల దువ్వమంది," అంది కూతురు, ఆయనతో అంటోందో తనలో తను అనుకుంటోందో తెలియకుండా. "అమ్మ వస్తోంది, ఇలా పిచ్చిదానిలా ఉంటే ఏమనుకుంటుంది అంది. దువ్వుతుంటేనే తల నా చేతిమీదికి వాలింది. నిద్రపోయిందనుకున్నాను."

అప్పుడు చూశాడాయన. దూదిలా లేచి ఉన్న జుట్టు ఒక పక్క నున్నగా, పాయ తీసి దువ్వి ఉంది. రెండో పక్క చెదిరే ఉంది.

నాలుగున్నరకు ఆవిణ్ణి కిందికి తీసుకెళ్ళారు. కూతురు స్ట్రెచరు వెంట నడుస్తూ, శాలువా భుజాన వేసుకుని, బాబాయ్ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.  ఆయా వచ్చి దుప్పటి లాగి మూట కట్టింది, పరుపు తుడిచింది, తెర మొత్తం వెనక్కి తోసి వెళ్ళిపోయింది. బాబాయ్ ఇద్దరమ్మల్నీ ఒకే గలేబులో, ఒకరికొకరు తగలకుండా మధ్యలో మడత వేసి పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ మంచం అటు పక్కకు చూశాడు.

కిటికీ గట్టుమీద చెక్క దువ్వెన ఒకటి ఉండిపోయింది. దాని పళ్ళ మధ్య చిక్కుకున్న రెండు తెల్లవెంట్రుకలు, ఫ్యాను గాలికి కొసలు లేచి, పడి, మళ్ళీ లేస్తున్నాయి.